నేరశాస్త్రం, ఫోరెన్సిక్ మనస్తత్వశాస్త్రం - మనకూ ఒక చదువే

ఏలూరులోనైనా తాడేపల్లిగూడెంలోనైనా మన హాస్టళ్లలో ఇంటర్ ముగించిన తమ్ముళ్లను ఏం చదువుతారని అడిగితే ఇంజనీరింగో, టీచర్ ట్రైనింగో, కానిస్టేబుల్ పరీక్షో అంటారు. నేరం ఎందుకు జరుగుతుందో నేర్పే నేరశాస్త్రం, నిందితుల, సాక్షుల మనసును పరిశీలించే ఫోరెన్సిక్ మనస్తత్వశాస్త్రం అనే చదువులున్నాయని మాకూ ఆ వయసులో తెలియదు.

కొల్లేటి లంకల్లో ఒక చేపల చెరువులో శవం తేలిందనుకుందాం. బతికుండగా మునిగితే నీటిలోని డయాటమ్‌లు, అంటే కంటికి ఆనని నాచు కణాలు, రక్తం ద్వారా ఎముక మజ్జ దాకా చేరతాయి. డాక్టర్లు వాటికోసం వెతుకుతారు. అదొక్కటే చాలదనుకోండి. కాని ఆ మనిషి కాలు జారాడా, తానే దూకాడా అన్నది ఎముక చెప్పదు. మనస్తత్వ నిపుణులు ఇంటివాళ్లను, చెరువు కాపలావాళ్లను, అప్పిచ్చినవాళ్లను కలిసి ఆఖరి రోజుల్లో అతని నిద్ర, తిండి, మాట ఎలా ఉండేవో రాసుకుంటారు. దీన్నే మానసిక శవపరీక్ష అంటారు. పేరు వింటే భయమేస్తుంది గాని పనంతా ఓపికగా వినడమే. తేలేది కూడా అభిప్రాయమే, అంతిమ రుజువు కాదు.

ఇక నేరం ఒప్పుకోవడం సంగతి. చేయనివాడు ఒప్పుకుంటాడా అని మనం అనుకుంటాం. నిద్ర లేకపోయినా, భయమేసినా, ఊఁ అంటే ఇంటికి పంపుతారనుకున్నా ఒప్పుకునేవారున్నారు. ఐస్‌లాండ్‌లో పోలీసుగా పనిచేసి మనస్తత్వవేత్త అయిన గిస్లీ గుడ్‌జాన్సన్, ఎదుటివారి ఒత్తిడికి ఎవరెంత లొంగుతారో కొలిచే పద్ధతిని 1984లో ప్రకటించారు.

ఇది మనకు దూరపు విషయం కాదు. 2007 డిసెంబరులో విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఒక హాస్టల్ విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో పట్టుబడిన ఒక పేద దళిత యువకునికి 2010లో విజయవాడ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 2017లో హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి ఎనిమిదేళ్లు జైల్లోనే గడిచాయి. 2018లో దర్యాప్తు సి.బి.ఐ. చేతికి వెళ్లింది. దర్యాప్తు బలహీనమైతే చనిపోయిన పిల్ల తల్లిదండ్రులకూ, జైలుకెళ్లినవాడికీ ఇద్దరికీ అన్యాయమే. హాస్టల్లో పెరిగిన మనకు ఇది ఇంకొంచెం గట్టిగా తగులుతుంది.

నార్కో పరీక్ష చేస్తే నిజం బయటపడుతుందని టీవీల్లో చూసి నమ్మేవాళ్లం. మత్తులో పలికిన మాట నిజమే కానక్కర్లేదు. నార్కో, పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలను మనిషి ఇష్టం లేకుండా చేయరాదని సెల్వి కేసులో సుప్రీంకోర్టు 2010 మే 5న తీర్పిచ్చింది.

2024 జూలై 1న వచ్చిన కొత్త చట్టం, ఏడేళ్లు, అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాలంటోంది. రాష్ట్రాలకు ఇందుకు అయిదేళ్ల గడువుంది. అంటే మనుషులు కావాలి. డిగ్రీలో సైకాలజీ తీసుకోవడం మంచి మొదలు. పి.జి.కి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ సైకాలజీ విభాగం ఉంది. ప్రత్యేక శిక్షణకు గాంధీనగర్‌లో జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది. 2020లో దానికి జాతీయ హోదా వచ్చింది, ఢిల్లీలోనూ క్యాంపస్ ఉంది. పాఠాలు ఇంగ్లీషులోనే. అందుకని దినపత్రికలో కోర్టు వార్తలు తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి రోజూ చదవడం ఇంటర్ నుంచే మొదలుపెట్టండి, తమ్ముళ్లూ.