ట్రాక్టరునందలి నీటివేడి ముల్లు - దానిని చదువు విధము

మన సంఘసభ్యులలో పలువురు పాత ట్రాక్టరులను కొని సేద్యము చేయుచున్నారు. ఆ యంత్రముల ముందుపలకపై డీజిలు ముల్లును ప్రతివారును చూతురు. దాని ప్రక్కనుండు నీటివేడి ముల్లును చూచువారు తక్కువ. అది చెప్పునదేమో, చెప్పలేనిదేమో యెరిగినవారు మరియు తక్కువ. ఇంజను హెడ్డు పగిలినచో ఒక పంట లాభమంతయు దాని మరమ్మతునకే చాలకపోవచ్చును గావున నీ విషయమును కొంత వివరముగా వ్రాయుచున్నాము.

మొదట మా యనుభవమొకటి చెప్పెదము. కొన్ని యేండ్లక్రిందట మేమొక పాత ట్రాక్టరుతో దమ్ము చేయించుచుంటిమి. మధ్యాహ్నవేళ ముల్లు ఎఱ్ఱగీటువరకు పోయి, కొంతసేపటికి తనంతట తానే చల్లనివైపునకు దిగెను. వేడి తగ్గినదని డ్రైవరును మేమును సంతసించితిమి. మరి పది నిమిషములకు ఇంజను బిగిసి నిలిచిపోయెను. విప్పి చూడగా రేడియేటరు క్రింది గొట్టము చిట్లి నీరంతయు పోయియుండెను, హెడ్డు వంగియుండెను. ముల్లులో దోషము లేదు; మేమే దానిని చదువ నేర్వకపోతిమి.

కారణమేమనగా, ఆ ముల్లునకు ఇంజను వేడి తెలియదు. హెడ్డు పైభాగమున నీరు వెడలుచోట నొక చిన్న బల్బుండును. ఆ బల్బును తాకు నీటి వేడి యొక్కటియే దానికి తెలియును. నీరు పోయినపిమ్మట బల్బు వట్టిగాలిలో నుండును. ఇనుము కాలుచున్నను ముల్లు దిగును. కావున బరువుపనిలో ఎఱ్ఱవైపునకు పోయిన ముల్లు కారణములేక దిగివచ్చినచో తక్షణమే ఇంజను ఆపవలెను.

ఈ ముళ్లు రెండు తెగలు. పాతవానిలో బల్బునుండి ముందుపలకవరకు సన్నని రాగిగొట్టము వచ్చును. బల్బులో ఈథరువంటి త్వరగా ఆవిరియగు ద్రవముండును. నీరు వేడెక్కినకొలది ఆ యావిరి యొత్తిడి హెచ్చి, పలక వెనుకనున్న వంకర గొట్టమును సాగదీయగా ముల్లు కదలును. ఈ వంకర గొట్టమునకు ఫ్రాన్సు దేశస్థుడగు బూర్డన్ 1849లో పేటెంటు పొందెను. సన్నగొట్టము తెగినచో ముల్లు చల్లనివైపుననే పడియుండును.

రెండవ తెగ విద్యుత్తుతో పనిచేయునది. ఇందు బల్బు వేడెక్కినకొలది విద్యుత్తును సులభముగా పోనిచ్చును. పెక్కు యంత్రములలో తీగ ఊడినచో ముల్లు చల్లనివైపునకును, తీగ ఇనుమునకు తగిలినచో ఒక్కసారిగా ఎఱ్ఱవైపునకును పోవును. నీరు రెప్పపాటులో వేడెక్కదు. గావున ముల్లు ఎగిరిపడినప్పుడు తీగను, మెల్లగా ప్రాకినప్పుడు నీటిని అనుమానింపవలెను. వేడిముల్లును డీజిలుముల్లును ఒకేసారి తప్పు చూపినచో, ఆ రెంటికిని సమముగా విద్యుత్తు నిచ్చు చిన్న డబ్బా చెడియుండవచ్చును. ఇంగ్లండు దేశపు పాత ఎం.జి. స్పోర్ట్సు కారులను ముచ్చటపడి నడుపువారిని సయితము ఈ డబ్బాయే ఏడిపించుచుండును.

ఇక అంకెల సంగతి. థర్మోస్టాటు అనునది వేడికి తెరచుకొను తలుపు. యంత్రమునుబట్టి 71 మొదలు 88 డిగ్రీల సెంటిగ్రేడులోపల తెరచుకొనసాగును. బాగుగానున్న ఇంజను సామాన్యముగా 80కిని 95కిని నడుమ నిలుచును. నీరు 100 వద్ద కాగునని మనమెరుగుదుము గాని, రేడియేటరు మూత ఒత్తిడిని నిలుపుటచే మరుగుట ఆలస్యమగును. చదరపు అంగుళమునకు 7 పౌనుల ఒత్తిడి నిలుపు మూతయున్నచో సుమారు 111 డిగ్రీలవరకు నీరు మరగదు. మూత రబ్బరు చెడినచో 100 దగ్గరనే పొంగును. పెక్కు పలకలపై అంకెలే యుండవు, రంగులు మాత్రముండును. తన బండి ముల్లు ఉదయము దుక్కిలో నెచ్చట నిలుచునో, మధ్యాహ్నము రోటవేటరు లాగునప్పుడు నెచ్చట నిలుచునో గమనించి, అద్దముపై చిన్న రంగుచుక్క పెట్టుకొనుట మంచిది.

వేసవిలో ముల్లు కొంత పైకి పోవుట సహజము. నీరు 85 డిగ్రీలును గాలి 25 డిగ్రీలును ఉన్నప్పుడు రెంటికిని భేదము 60. గాలి 45 అయినప్పుడు భేదము 40 మాత్రమే. రేడియేటరు వెలివేయు వేడి ఈ భేదమును అనుసరించును గావున దాని శక్తి మూడింట రెండువంతులకు దిగును. నూర్పిడి కాలమున ఊకయు దుమ్మును జాలిని మూసినచో ఇంకను దిగును. ఫ్యానువైపునుండి ముందునకు, గాలి వచ్చు దిశకు ఎదురుగా, మెల్లని నీటిధారతో కడుగవలెను. బోరునీరు పోయుచుండినచో లోపల సున్నపుపొర కట్టును. దానిని పైనుండి కడిగిన ప్రయోజనము లేదు. యంత్రపు పుస్తకములో చెప్పిన కూలెంటు పోయుటయే మేలు.

ముల్లు పైకి పోవుచున్నదని థర్మోస్టాటును తీసి పారవేయుట మన గ్రామములలో నాచారమైపోయినది. ఇది మాకు సమ్మతము కాదు. చల్లని ఇంజనులో డీజిలు చక్కగా మండదు. మండని డీజిలు సిలిండరు గోడలపై నూనెను కడిగివేయును. మండుటలో పుట్టిన నీరు నూనెలో చేరి మడ్డి కట్టును. ముల్లు ఎల్లప్పుడు చల్లనివైపున నుండు బండి తన ఆయువునే తినుచుండును.

ముల్లు మెల్లగా ఎఱ్ఱవైపునకు పోయినప్పుడు, నీరు ఇంకను ఉన్నచో, బరువు దింపి, న్యూట్రలులో నుంచి, ఇంజనును మితమైన వేగమున తిరుగనీయవలెను. ఫ్యాను, పంపు కలిసి వేడిని లాగివేయును. ఫ్యాను బెల్టు తెగినను, నీరు పోయినను, ముల్లు దిగకున్నను ఆపివేయవలెను. వేడిమీద మూత తెరువరాదు. ఒత్తిడి పోయినక్షణముననే లోపలి నీరు మరిగి ముఖముపైకి చిమ్మును. గొట్టము చేతికి చల్లగా తగులువరకు ఆగి, గోనెపట్ట వేసి, మూతను మెల్లగా త్రిప్పవలెను. కాలుచున్న ఇంజనులో చల్లనీరు పోసినచో హెడ్డు చీలును.

ముల్లు నిజము చెప్పుచున్నదో లేదో ఇంటనే చూచుకొనవచ్చును. ఇంజను పూర్తిగా చల్లారినపిమ్మట రాగిగొట్టపు బల్బును విప్పి, గొట్టము మెలిపడకుండ, మరుగునీటిలో ముంచవలెను. కోస్తాలో ముల్లు 100 చూపవలెను. అరకువంటి ఎత్తుప్రదేశమున నీరు సుమారు 97 వద్దనే మరుగును. థర్మోస్టాటును దారముతో గిన్నెలో అడుగు తాకకుండ వ్రేలాడగట్టి, థర్మామీటరుంచి నీటిని కాచవలెను. దానిపై ముద్రించిన అంకె దగ్గర తెరచుకొనుట ప్రారంభింపనిచో, మరుగువరకు మూసియేయున్నచో, క్రొత్తది వేయించుకొనవలెను.