రొమ్ము సాంద్రత – వ్యక్తిగత స్క్రీనింగ్
రొమ్ములో కొవ్వుతో పోలిస్తే గ్రంథి, పీచు కణజాలాలు ఎక్కువగా ఉండడాన్ని రొమ్ము సాంద్రత అంటారు. ఇది స్పర్శకు తెలిసేది కాదు, రొమ్ము ఎక్స్‌రే అయిన మామోగ్రామ్‌లోనే తెలుస్తుంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ రూపొందించిన బైరాడ్స్ విధానంలోని 4 తరగతుల్లో సి, డి అధిక సాంద్రతను సూచిస్తాయి. సాంద్ర కణజాలం, కణితి రెండూ తెల్లగానే కనిపించడం వల్ల వ్యాధి మరుగున పడవచ్చు. పైగా సాంద్రత స్వయంగా క్యాన్సర్ ముప్పును పెంచే అంశం కాబట్టి, అందరికీ ఒకే పరీక్ష సరిపోదు. నెదర్లాండ్స్‌లో నిర్వహించి 2019లో ప్రచురించిన డెన్స్ అధ్యయనంలో, అత్యధిక సాంద్రత గల మహిళలను అదనంగా ఎంఆర్‌ఐ పరీక్షకు ఆహ్వానించగా, రెండు స్క్రీనింగ్‌ల నడుమ బయటపడే క్యాన్సర్లు ప్రతి వెయ్యి మందికి 5 నుంచి 2.5కు తగ్గాయి. సాంద్రత గురించి మహిళకు తెలియజేయడాన్ని తప్పనిసరి చేస్తూ అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం 2009లోనే చట్టం చేసినా, ఈ న్యాయమైన నిబంధన అమెరికా అంతటా 2024 సెప్టెంబరు 10న గానీ అమల్లోకి రాలేదు.