నక్షత్రకుడికి ఏం జవాబు చెప్పాలి? అప్పు తీరుస్తున్న ఇంటికి హరిశ్చంద్రుడి పాఠం



ఈ వారం వీడియోలో హరిశ్చంద్రుడి కథ చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక నక్షత్రకుడి భాగం గబగబా దాటేశాం. కానీ ఈఎంఐలు, చేబదుళ్లు, మిత్తిల మధ్య బతికే మన వయసు వాళ్లకు ఆ కథలో ఎక్కువ పనికొచ్చేది ఆ భాగమే. అందుకే దాని గురించి ఇక్కడ విడిగా రాస్తున్నాను. మాది కామారెడ్డి జిల్లా బాన్సువాడ. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ మూడేళ్లుగా ఇంటి అప్పు తీరుస్తున్నాను. కాబట్టి కథతో పాటు లెక్క కూడా చెప్తాను.

నక్షత్రకుడు ఎవరు?

మార్కండేయ పురాణంలో బాకీ అడగడానికి విశ్వామిత్రుడే స్వయంగా వస్తాడు. మన తెలుగువాళ్లకు మాత్రం గౌరన ద్విపదలో రాసిన హరిశ్చంద్రోపాఖ్యానం, బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్య హరిశ్చంద్రీయం నాటకం వల్ల నక్షత్రకుడు బాగా తెలుసు. ఆయన విశ్వామిత్రుడి శిష్యుడు. బాకీ వసూలు చేసుకురమ్మని గురువు పంపితే రాజు వెంటే కాశీ దాకా నడుస్తాడు. దారి పొడుగునా సతాయింపే. కాళ్లు నొప్పులంటాడు, ఆకలంటాడు, సూటిపోటి మాటలంటాడు. గురువుగారి బాకీ చాలదని తన బత్తెం వేరే అడుగుతాడు. ఇప్పటికీ ఎవరైనా వదలకుండా వెంటపడితే నక్షత్రకుడిలా తగులుకున్నాడు అంటాం.

హరిశ్చంద్రుడు ఏం చేశాడో చూడండి. బాకీ లేదని బొంకలేదు. గడువు అడిగాడు, ఆ గడువు మీద నిలబడ్డాడు. నక్షత్రకుడి మాటలకు రెచ్చిపోలేదు, అతన్ని చూసి దాక్కోనూ లేదు. ఆయన దృష్టిలో బాకీ వేరు, బాకీ అడిగే మనిషి నోరు వేరు. బాకీని తీర్చాలి, నోటిని ఓర్చుకోవాలి.

ఆ కథలో మనం చేయకూడనిది కూడా ఒకటి ఉంది. ఆయన భార్యాబిడ్డలను, చివరికి తనను తాను అమ్ముకున్నాడు. అది ఆయనకు వచ్చిన పరీక్ష. మన కాలంలో చట్టం ఉంది. అప్పు ఎంతైనా మనిషిని, మానాన్ని, ప్రాణాన్ని తాకట్టు పెట్టాల్సిన పని లేదు.

అప్పుంటే తలదించుకోవాలా?

బాన్సువాడ దగ్గర బీర్కూర్ మండలం తిమ్మాపూర్‌లో వేంకటేశ్వర స్వామి గుడి ఉంది. తెలంగాణ తిరుమల అంటారు. అక్కడికి వెళ్లినప్పుడల్లా నాకు స్వామివారి పెళ్లి అప్పు గుర్తొస్తుంది. పద్మావతి అమ్మవారితో కల్యాణానికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడని, సాక్షులను పెట్టుకుని పత్రం రాసిచ్చాడని, కలియుగం చివరిదాకా వడ్డీ కడుతూనే ఉంటాడని స్థలపురాణం చెప్తుంది. వడ్డికాసులవాడని పేరు అందుకే. అంత అప్పున్న స్వామికే మనం రోజూ దండం పెడుతున్నాం! పిల్ల పెళ్లికో బోరుకో అప్పు చేసిన తండ్రిని మాత్రం దొంగలా చూస్తాం. అప్పు చేయడం పాపం కాదండి. ఎగ్గొట్టాలనుకోవడం తప్పు. తీరుస్తున్నవాడిని బజారుకీడ్చడం కూడా తప్పే.

మా ఇంటి లెక్క

అక్క పెళ్లి, ఎండిపోయిన బోరు, ఇంటి రిపేరు కలిపి మూడేళ్ల కింద మొత్తం 10 లక్షలు తేలింది. ఊళ్లో తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల మిత్తి మీద 4 లక్షలు. ప్రైవేటు ఫైనాన్స్‌లో రెండున్నర లక్షలు. బంగారం మీద 2 లక్షలు. పంట రుణం లక్షన్నర.

నా జీతంలోంచి నెలకు 30 వేలు ఇంటికి పోతుంది. మొదట్లో బాపు పద్ధతి ఏంటంటే, ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లకు ముందు కట్టడం. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. ఒకరి నోరు మూయించడానికి ఇంకొకరి దగ్గర తెచ్చి ఇస్తారు. అప్పు తగ్గదు, అరిచేవాళ్లు మారతారు.

కూర్చుని కాగితం మీద రాశాం. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. 4 లక్షలకు నెలకు 8,000 మిత్తి. 50 నెలలు మిత్తి మాత్రమే కడితే కట్టింది అసలుతో సమానం అవుతుంది, అసలు మాత్రం అట్లనే ఉంటుంది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో కూడా వడ్డీ ఒకేసారి తీసుకుంటే అసలుకు రెట్టింపు దాటకూడదని ఒక హద్దు ఉంది. అంటే వడ్డీకి కళ్లెం ఉండాలన్న ఆలోచన మనకు కొత్తది కాదు.

పంట రుణం మాత్రం 3 లక్షల లోపు 7 శాతమే, గడువులో కడితే కేంద్రం ఇచ్చే రాయితీతో 4 శాతానికి వస్తుంది. కాబట్టి దాన్ని టైముకు రెన్యువల్ చేయించి పక్కన పెట్టాం. బంగారం వేలానికి పోకుండా మిత్తి, ఫైనాన్స్ ఈఎంఐ, చేబదుళ్ల మిత్తి కట్టాక నెలకు సుమారు 11 వేలు మిగిలేది. అదంతా రెండు రూపాయల మిత్తి అప్పు అసలులోకే. వడ్లు అమ్మిన డబ్బులు పడ్డప్పుడు అవి కూడా అందులోకే. 20 వేలు అసలు తగ్గిన ప్రతిసారీ నెల మిత్తి 400 తగ్గుతుంది. ఆ 400 మళ్లీ అసలులోకి వేస్తాం. ఇప్పుడు అన్నీ కలిపి 3 లక్షల 40 వేలు మిగిలింది.

మూడు రకాల నక్షత్రకులు, మూడు జవాబులు

మొదటిది, ఊళ్లో తెలిసినవాళ్లు. వీళ్లకు నిజం, తారీఖు రెండూ కావాలి. ఇస్తాం లే అంటే నమ్మకం పోతుంది. నేను ఫోన్ చేసి, "కాకా, అయిదో తారీఖుకు పదకొండు వేలు అసలు కింద వేస్త. అంతకంటే ఎక్కువ ఇప్పుడు నాతోని కాదు" అని చెప్పేవాడిని. మొదట్లో "మిత్తి ఇయ్యి తమ్మీ, అసలుకు ఏం తొందర" అనేవాడు. మనకు తొందర ఉంది అండి! కట్టిన ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనక చెల్లు రాయించండి. బ్యాంకు ద్వారానో ఫోన్‌పే ద్వారానో పంపితే లెక్క ఉంటుంది. పూర్తిగా తీరిన రోజు నోటు వాపసు తీసుకోవడం మర్చిపోకండి. ఇచ్చిన తారీఖుకు కుదరకపోతే రెండు రోజుల ముందే మనమే ఫోన్ చేయాలి. వాళ్లు అడిగేదాకా ఆగకూడదు.

రెండోది, బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల రికవరీ ఏజెంట్లు. మా బాపు ఫోన్‌లో ఒక ఏజెంటు నంబరు నేను నక్షత్రకుడు అనే సేవ్ చేశాను. పేరు చూడగానే బాపు నవ్వేవాడు, సగం భయం అక్కడే పోయేది. వీళ్లకు రూల్స్ ఉన్నాయి. ఆర్‌బీఐ 2022 ఆగస్టు 12న ఇచ్చిన ఆదేశం ప్రకారం ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదు. బెదిరించకూడదు, నలుగురిలో అవమానించకూడదు. ఇంట్లోవాళ్లను, స్నేహితులను సతాయించకూడదు. సంఘం అప్పుల్లాంటి మైక్రోఫైనాన్స్‌కు ఇంకా గట్టి రూల్ ఉంది. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. ఏజెంటు వస్తే ముందు ఐడీ కార్డు, కంపెనీ ఇచ్చిన అధికార పత్రం అడగండి. హద్దు దాటితే తారీఖు, టైము, నంబరు రాసి పెట్టుకుని మొదట ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448.

మూడోది, లోన్ యాప్‌లు. 2020 డిసెంబరులో మన తెలంగాణలో ఏం జరిగిందో గుర్తుండే ఉంటుంది. ఫోన్‌లోని కాంటాక్టులన్నీ లాగి, బంధువులకు మెసేజ్‌లు పెట్టి పరువు తీశారు. ప్రాణాలు పోయాయి. పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి చాలామందిని అరెస్టు చేశారు. ఇలాంటివాళ్లతో బేరం వద్దు. ఒక యాప్ బాకీకి ఇంకో యాప్‌లో అస్సలు తీసుకోవద్దు. స్క్రీన్‌షాట్లు దాచి 1930కి ఫోన్ చేయండి, దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. బంధువులకు మనమే ముందుగా ఒక మాట చెప్పేస్తే వాళ్ల చేతిలో ఉన్న ఆయుధం పోతుంది.

బాపు అప్పు నా అప్పేనా?

ఏజెంట్లు కొడుకులకు ఫోన్ చేసి, తండ్రి అప్పు కొడుకు కట్టాల్సిందే, ధర్మశాస్త్రమే చెప్పింది అంటారు. పాత హిందూ న్యాయంలో అలాంటి బాధ్యత ఉండేది నిజమే. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన హిందూ వారసత్వ సవరణ చట్టం తర్వాత చేసిన అప్పుల విషయంలో, కేవలం కొడుకు అనే ధర్మబాధ్యత చూపించి కోర్టు ద్వారా వసూలు చేయడం కుదరదు. మనం హామీ సంతకమో, సహ రుణగ్రహీతగా సంతకమో పెడితే ఆ సంగతి వేరు. తండ్రి తర్వాత ఆస్తి మనకొస్తే ఆ ఆస్తి మేరకు బాకీ ఉంటుంది.

మరి నేనెందుకు కడుతున్నాను? బాపు నన్ను చదివించాడు కాబట్టి, అక్క పెళ్లి నా ఇంటి పెళ్లి కాబట్టి. ఇష్టంగా కడుతున్నాను, ఎవరి బెదిరింపుకూ కాదు. ఈ తేడా తెలిశాక ఫోన్ మోగితే నా గొంతు మారింది. పితృఋణం ప్రామిసరీ నోటు కాదు, దాన్ని అడిగే హక్కు ఏ ఏజెంటుకూ లేదు.

అప్పుకంటే ముందు మనిషి

ఇంట్లో అప్పున్న పెద్దవాళ్లు మాట్లాడటం తగ్గిస్తే, తిండి మానేస్తే, ఎవరికీ ఏం చెప్పకుండా కాగితాలు సర్దుతుంటే వెంటనే పక్కన కూర్చోండి. అడగడానికి మొహమాట పడకండి. టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. కథలో చంద్రమతి కష్టంలో భర్తను ఒంటరిగా వదల్లేదు. అడవిలో ఆ నడక సాగిందంటే అందుకే కదా.

ఈ శనివారం స్వామి ముందు దీపం పెట్టాక ఒక పని చేయండి. అమ్మానాన్నలతో కూర్చుని, ఎవరికి ఎంత, మిత్తి ఎంత, గడువు ఎప్పుడు అని ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఎవరి మీదా కోపగించుకోకండి, ఎందుకు చేశావని ఆ రోజు అడగకండి. ముందు లెక్క తేలనివ్వండి. సోమవారం నుంచి వచ్చే ఫోన్లు మీరే ఎత్తండి.

గోవిందా గోవింద.