గేటు బయటివాళ్లకీ తెలియాలి

జగ్గయ్యపేట

అమ్మాయీ,

నందిగామలో జిన్నింగ్ మిల్లు వాళ్లు నీకు హెచ్‌ఆర్ పని అప్పగించారని మీ నాన్న చెప్పాడు. సెలవులు, పీఎఫ్, ఈఎస్‌ఐ, ఫిర్యాదుల పద్ధతి అన్నీ మిల్లు వెబ్‌సైట్‌లో పెడదామంటే యజమాని వద్దంటున్నాడని రాశావు. వెనక్కి తగ్గకు, పెట్టించు.

పక్క మిల్లువాళ్లు చూసి మనుషుల్ని లాగేస్తారని ఆయన భయం. ఎవరికెంత ముడుతోందో టీకొట్టు దగ్గర ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. రాసిపెడితే రేపు ప్రతివాడూ నిలదీస్తాడన్నది ఇంకో భయం. అది నిజమే. నిలదీయడానికి వీలుండాలనే కదా రాసిపెట్టేది!

ఇదేం కొత్త కోరిక కాదు. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టమే పని నిబంధనలను గేటు దగ్గర, ఎక్కువమంది కార్మికులకు తెలిసిన భాషలో బోర్డు మీద పెట్టమంది. నేను సిమెంటు ఫ్యాక్టరీ టైమాఫీసులో చేసేటప్పుడు ఆ బోర్డు రోజూ చూసేవాణ్ణి. అద్దం వెనక కాగితం ఎండకు పసుపెక్కి, అద్దం మీద సిమెంటు దుమ్ము పేరుకుని, అక్షరాలు కంటికి ఆనేవి కావు. చేరకముందు తెలియాల్సినవి చేరాక కూడా తెలిసేవి కావు.

మన వీధి కుర్రాడొకడు కాంట్రాక్టరు కింద లోడింగ్‌కి వెళ్లేవాడు. నెలనెలా జీతం చీటీలో పీఎఫ్ కోత పడేది. బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో పాస్‌బుక్ తీయిస్తే అందులో ఒక్క రూపాయి జమ లేదు. ఆ రోజు వాడి ముఖం చూడలేకపోయాను. ఈపీఎఫ్ఓ సైట్‌లో సంస్థ పేరు కొడితే ఏ నెలకు ఎంత కట్టిందో ఎవరైనా చూడొచ్చని అప్పటికి వాడికి చెప్పినవాడు లేడు. మీ మిల్లు సంగతీ అలా చూడొచ్చని యజమానికి చెప్పు.

షేర్ మార్కెట్లో పెద్దవైన వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి సెబీ నియమం ప్రకారం బీఆర్ఎస్ఆర్ అనే నివేదిక బయటపెడుతున్నాయి. మన జయంతిపురంలో ప్లాంటున్న రామ్‌కో కూడా వాటిలోదే. ఆరోగ్య బీమా, ప్రమాద బీమా, ప్రసూతి సదుపాయం ఎంత శాతం మందికి ఉన్నాయో అందులో రాయాలి. పర్మనెంటు వాళ్ల లెక్క వేరు, కానివాళ్ల లెక్క వేరు. నువ్వు పట్టుకోవాల్సింది ఆ పద్ధతే. సీజన్‌లో పల్లెల నుంచి ఆటోల్లో వచ్చే ఆడకూలీలకు ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో తేటగా రాయి. వర్తించనిది దాచి మిగతాది చూపిస్తే మోసమే అవుతుంది.

‘ఈఎస్‌ఐ ఉంది’ అంటే చాలదు. జీతంలోంచి 0.75 శాతం పోతుందని, యజమాని 3.25 శాతం కడతాడని, ఎవరికి ఏ ఆసుపత్రో రాయి. 26 వారాల ప్రసూతి సెలవుకి ఎవరు అర్హులో చెప్పు. ఆ సంగతి చేరేటప్పుడే రాసివ్వాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ చెప్పింది కూడా. లైంగిక వేధింపుల ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో, ఎన్నాళ్లలో తేలుస్తారో పెట్టు. ఫిర్యాదు చేసినవాళ్ల పేర్లు, ఒక్కొక్కరి జీతాలు మాత్రం ఎక్కడా పెట్టకు.

అంతా తెలుగులో, ఫోన్‌లో చదువుకునేలా ఉండాలి. యజమాని ఇప్పటికే ఇస్తున్నవాటితో మొదలుపెడితే ఆయనా కాదనడు. ముసాయిదా రాసి పంపు. సీజన్ కూలీల పేజీ ముందు పంపు, నేనూ మీ పెద్దమ్మా కూర్చుని చదువుతాం. ఆమెకు అర్థం కాని వాక్యం కింద గీత గీసి పంపిస్తాను.

ఇట్లు,
మీ పెదనాన్న