పార్ట్ లోడా, లారీ మొత్తమా?

దువ్వాడ ఎస్ఈజెడ్‌లో గానీ, గాజువాక ఆటోనగర్‌లో గానీ డిస్పాచ్ చూసేవాళ్లకు ఓనరు నుంచి వచ్చే మొదటి ప్రశ్న "ఎంతవుతుంది?" అనే. అడగాల్సింది ఇంకోటుంది: దారిలో సరుకును ఎంతమంది దింపి ఎక్కిస్తారు?

ముందు డబ్బు లెక్కే చూద్దాం. హైదరాబాద్‌కు లారీ మొత్తానికి 24,000 అడిగారనుకోండి. పార్ట్ లోడ్‌కు, అంటే వేరేవాళ్ల సరుకుతో కలిపి పంపడానికి, పార్శిల్ ఆఫీసు కిలోకు 5 రూపాయలు చెప్పిందనుకోండి. 4,800 కిలోల దగ్గర రెండూ సమానం. కానీ బుకింగ్ ఆఫీసు దాకా ఆటో ట్రాలీ, అక్కడ హమాలీ, అవతల డోర్ డెలివరీ కూడా కలిపితే నాలుగు టన్నులకే లారీ మాట్లాడుకోవడం గిట్టుబాటవుతుంది. సరుకు తేలికై జాగా ఎక్కువ తింటే పార్శిల్ వాళ్లు కాటా పక్కన పెట్టి టేపు తీస్తారు. కొలతల మీద చార్జీ కడతారు కాబట్టి రేటు అడిగేటప్పుడే పెట్టెల పొడవు, వెడల్పు, ఎత్తు చెప్పండి.

లారీ రేటు కూడా ఒక్కలా ఉండదు. పోర్టుకో, స్టీల్ ప్లాంటుకో సరుకు దింపి సొంత ఊరికి ఖాళీగా వెళ్లాల్సిన బండి దొరికితే కిరాయి తగ్గుతుంది. బండి ఏ ఊరిదో మీరే అడగాలి, బ్రోకర్ తనంతట తాను చెప్పడు.

ఇప్పుడు దింపుళ్ల సంగతి. పార్ట్ లోడ్‌లో వేసిన ఎలక్ట్రికల్ ప్యానెల్ బోర్డు గాజువాక గోడౌన్‌లో ఒకసారి, మధ్యలో బండి మారితే ఇంకోసారి, హైదరాబాద్‌లో మరోసారి దిగుతుంది. దాని మీద ఎవరిదో ఆయిల్ డ్రమ్ము ఎక్కుతుంది. తలుపు మూల నొక్కుకుని పెయింట్ లేస్తే కస్టమర్ తీసుకోడు. అలాంటి సరుకు టన్నున్నర ఉన్నా చిన్న బండి విడిగా మాట్లాడండి. బోల్టులు, కాస్టింగులు గట్టి చెక్కపెట్టెలో పెడితే పార్ట్ లోడ్‌కు భయం లేదు. 12 మీటర్ల టీఎంటీ కడ్డీలైతే ఆలోచించే పనే లేదు: ట్రెయిలర్ కావాలి, లేదా మడతపెట్టి లారీకి ఎక్కించాలి.

బండి మారితే ఈ-వే బిల్లులో బండి వివరాలూ మారాలి. 50,000 రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు తప్పనిసరి. 2021 జనవరి నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. హైదరాబాద్ ఆరువందల పైచిలుకు కిలోమీటర్లు కాబట్టి నాలుగు రోజులొస్తాయి. సొంతంగా మాట్లాడుకున్న లారీకి అది చాలా ఎక్కువ. గోడౌన్‌లో జత సరుకు కోసం ఆగే పార్ట్ లోడ్‌కు చాలకపోవచ్చు. పొడిగించుకోవాలంటే గడువు తీరడానికి 8 గంటల ముందు నుంచి తీరాక 8 గంటల లోపే వీలు. ఆ తేదీ ట్రాన్స్‌పోర్టు వాళ్లకే వదిలేయకుండా మీ ఫోన్‌లోనూ అలారం పెట్టుకోండి.

లారీ మొత్తం మనదే కదా అని ఇంకో రెండు టన్నులు తొక్కించే అలవాటు కొందరికుంది. 2019 సవరణ తర్వాత కేంద్ర చట్టంలో ఓవర్‌లోడ్ జరిమానా 20,000, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2,000. పైగా అదనపు సరుకు అక్కడే దింపించాలి. మిగిలిందనుకున్న కిరాయి అంతా అక్కడే పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా చూడాల్సింది ఎల్ఆర్ (లారీ రసీదు). 2007 నాటి క్యారేజ్ బై రోడ్ చట్టం, 2011 నిబంధనల ప్రకారం సరుకు పోతే ట్రాన్స్‌పోర్టరు బాధ్యత సాధారణంగా కిరాయికి పది రెట్లకే పరిమితం. 3,000 కిరాయికి నాలుగు లక్షల మెషిన్ పార్టులు వేస్తే మీకు వచ్చేది 30,000. అందుకే పార్ట్ లోడ్‌లో ఖరీదైన సరుకు వేస్తే ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ తీసుకోండి, లేదా విలువ ప్రకటించి ఎక్కువ రిస్కు రేటు కట్టి ఎల్ఆర్ మీద రాయించుకోండి.

అవతల దించుకునేవాళ్లకు కూడా ఒక మాట చెప్పి ఉంచండి: పెట్టె నలిగి కనిపిస్తే ఫొటో తీసి, డెలివరీ కాగితం మీద ఆ సంగతి రాశాకే సంతకం పెట్టాలి. నష్టానికి కోర్టుకెళ్లాలంటే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోగా ట్రాన్స్‌పోర్టరుకు రాతపూర్వక నోటీసు చేరి ఉండాలి. ఫోన్‌లో ఎన్నిసార్లు అరిచినా అది నోటీసు కాదు.