ఆంగ్లమున గడియారపు వేళలు

పంచాయతీకి వచ్చు నోటీసులలోను, టెండరు ప్రకటనలలోను, రైలు టిక్కెట్ల మీదను వేళ ఆంగ్ల పద్ధతిలో వ్రాయబడియుండును. దానిని పొరపాటుగా చదివినచో గంట కాదు, ఒక్కొక్కప్పుడు దినమే తప్పిపోవును. కావున సభ్యులు ఈ చిన్న పాఠమును శ్రద్ధతో నేర్చుకొనవలెను.

మనము ఏడుంపావు అనునది ఆంగ్లమున క్వార్టర్ పాస్ట్ సెవెన్. ఏడున్నర హాఫ్ పాస్ట్ సెవెన్. పావు తక్కువ ఎనిమిది క్వార్టర్ టు ఎయిట్. పాస్ట్ అనగా గడచినది. టు అనగా ఇంకను రావలసినది. పులివెందుల బస్సు క్వార్టర్ టు ఎయిట్‌కని విని ఎనిమిదింపావుకు బస్సు స్టాండు చేరినవారికి ఆ బస్సు దొరకదు.

ఏ.ఎం., పి.ఎం. అనునవి లాటిను మాటల పొడి అక్షరములు. మధ్యాహ్నమునకు ముందు ఏ.ఎం., తరువాత పి.ఎం. వాడుకలో 12 పి.ఎం. అనగా పట్టపగలు, 12 ఏ.ఎం. అనగా అర్ధరాత్రి. ఈ రెంటిని తారుమారు చేయువారు పెక్కురు. కావున మన ఉత్తరములలో పగటికి 12 నూన్ అనియు, రాత్రి గడువునకు 11-59 పి.ఎం. అనియు వ్రాయుట క్షేమము.

నీడను చూచి నూన్‌ను నిర్ణయింపరాదు. 1906 నుండి అమలులోనున్న భారత ప్రామాణిక కాలము, కాకినాడకు చేరువగా పోవు 82½ డిగ్రీల రేఖాంశమును అనుసరించినది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఆ రేఖకు పడమరనున్నవి. అందుచే సగటున గడియారము 12 కొట్టిన 16, 17 నిమిషములకుగాని ఇచ్చట సూర్యుడు నడిమింటికి రాడు.

2016లో నంద్యాల-ఎర్రగుంట్ల మార్గము ప్రారంభమై ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు రైలు వచ్చినది. రైల్వేవారు 24 గంటల లెక్క వాడుదురు. 12 దాటిన అంకెనుండి 12 తీసివేయవలెను: 16-30 అనగా సాయంకాలము నాలుగున్నర. మన పంచాంగమున వారము సూర్యోదయముతో మారును. ఆంగ్ల తేది అర్ధరాత్రితోనే మారును. టిక్కెట్టు మీద 15వ తేది, 00-20 అని యున్నదనుకొందము. 14వ తేది రాత్రి భోజనము ముగించుకొని ఎర్రగుంట్ల స్టేషను చేరవలెను. 15వ తేది రాత్రి పోయినచో రైలు వెళ్ళి ఇంచుమించు ఒక దినమై యుండును.

ఇక దినభాగములు. ఇన్ ది మార్నింగ్, ఇన్ ది ఆఫ్టర్‌నూన్, ఇన్ ది ఈవినింగ్ అనవలెను. రాత్రికి మాత్రము ఎట్ నైట్. మనము రాత్రి రెండు గంటలనునది వారికి టూ ఇన్ ది మార్నింగ్. రాత్రి ఎనిమిదింటికి అధికారిని కలిసినను గుడ్ ఈవినింగ్ అనియే పలుకరింపవలెను. గుడ్ నైట్ అనునది సెలవు తీసికొనునప్పటి మాట.

అభ్యాసము: పావు తక్కువ పదకొండును ఆంగ్లమున చెప్పుడు. 21-15 ఎన్ని గంటలు? సోమవారము 12-30 ఏ.ఎం. అనిన ఏ రాత్రి మేలుకొనియుండవలెను?

జవాబులు: క్వార్టర్ టు ఎలెవెన్, రాత్రి తొమ్మిదింపావు, ఆదివారము రాత్రి.

సభా నోటీసు వ్రాయునప్పుడు తేది, వారము, గంట, ఏ.ఎం. లేక పి.ఎం. అను నాలుగును తప్పక చేర్చుడు. ఒకటి తప్పినను మరియొకటి సరిదిద్దును. సభ్యులందరును వేళకు చేరినగాని సభలో గ్రామమువారి మాట పూర్తిగా వినబడదు.