పన్నెండు వోల్టులే కదా!

“పన్నెండు వోల్టులే కదా సార్, షాకు కొట్టదు” అని విద్యార్థులు నాతో అంటూ ఉంటారు. నిజమే, పొడి చేతికి కొట్టదు. కాని ఇక్కడ ప్రమాదం వోల్టుల్లో లేదు, కరెంటులో ఉంది.

ఇన్వర్టరుకు వాడే లెడ్-ఆసిడ్ బ్యాటరీ లోపలి నిరోధం ఓములో నూరోవంతు అనుకుందాం. దాని రెండు టెర్మినళ్ళ మీద స్పానరు అడ్డం పడిందా, ఓం సూత్రం ప్రకారం 12ను 0.01తో భాగించండి: 1,200 ఆంపియర్లు! స్పానరు ఎర్రగా కాలిపోతుంది. ఛార్జింగులో హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది 4 శాతం ఉంటే చాలు, ఒక్క నిప్పురవ్వకు బ్యాటరీ పేలి ఆమ్లం కళ్ళలో పడుతుంది.

కనుక ముందు ఉంగరం, గడియారం తీసేయండి. కళ్ళద్దాలు పెట్టుకోండి. కిటికీలు తెరవండి. ఇన్వర్టరు ఆపి, ప్లగ్గు పీకండి. స్పానరు పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి.

ఒకే రకం, ఒకే వయసు బ్యాటరీలనే కలపాలి. 150 ఆంపియర్-అవర్లవి రెండు శ్రేణిలో కలిపితే 24 వోల్టులు, 150. సమాంతరంగా కలిపితే 12 వోల్టులు, 300. మీ ఇన్వర్టరు ఏది అడుగుతుందో చూసి, ధన, ఋణ ధ్రువాలను మీటరుతో సరిచూసుకోండి. ధన తీగలో బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు ఉండాలి. బిగింపులన్నీ అయ్యాకే దాన్ని పెట్టండి.

మన అనంతపురంలో ఇంకో రెండు చిక్కులున్నాయి. బోరునీళ్ళలోని లవణాలు బ్యాటరీని పాడుచేస్తాయి; డిస్టిల్డ్ వాటరే పోయాలి. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయువు సుమారు సగానికి పడిపోతుంది. నీడన, గాలి ఆడేచోట పెట్టండి.

కరెంటు పోయిన చీకట్లో మాత్రం ఈ పనికి పూనుకోవద్దు. పగటిపూట, పక్కన ఇంకొకరు ఉండగా చేయండి.